నీలి రాజు వెనుక వైపు

ఈజిప్టు పురావస్తువులను దాచుకున్న పెద్ద ప్రదర్శనశాలల్లో దాదాపు ప్రతిచోటా ఒక చిన్న నీలి రాజు కనిపిస్తాడు. జానెడుకు మించని ఎత్తు, పక్కకు తిరిగిన ముఖం, మనవైపు తిరిగిన భుజాలు, ముందుకు వేసిన అడుగు, నుదుటి మీద పడగెత్తిన నాగు, పచ్చకూ నీలానికీ నడుమ నిలిచిన మెరుపు. నల్లని గుడ్డ మీద అతన్ని ఒంటరిగా నిలబెట్టి, పైనుంచి సన్నని వెలుగు పడేలా దీపం అమర్చి, పక్కన ఒక చీటీ పెడతారు. పొదుగు పలక, రాజు ఆకృతి, ఫయాన్స్, ఫలానా శతాబ్దం అని అందులో రాసి ఉంటుంది. ఫయాన్స్ అంటే పలుగురాయి పొడిని కాల్చి చేసే, గాజులా మెరిసే పదార్థం. చూసేవారు కాసేపు ఆగి, ఆ ముఖంలోని ప్రశాంతతను మెచ్చుకుని, ఇతను ఏ రాజై ఉంటాడా అనుకుంటూ ముందుకు సాగిపోతారు.

ఆ చూపు దారి తప్పిన చూపని నా అభిప్రాయం. తప్పు చూసేవారిది కాదు, చూపించే పద్ధతిది. ఆ పలక చిత్తరువు కాదు. ఒంటరిగా చూడడానికి దాన్ని ఎవరూ ఎన్నడూ చేయలేదు. చెక్కలోనో రాతిలోనో తొలిచిన గుంటలో కూర్చోవడానికి, చుట్టూ బంగారు రేకుతోనూ గాజుతోనూ ఇతర ఆకృతులతోనూ కలిసి ఒక పెద్ద దృశ్యంలో భాగం కావడానికి దాన్ని చేశారు. ఆ దృశ్యం పోయి, భాగం మిగిలింది. కనుక ఇప్పుడు దాని గురించి మనకు ఎక్కువ చెప్పగలిగినవి దాని ముఖం కాదు, అంచులూ వెనుక వైపూ. ప్రదర్శనలో మనకు కనబడకుండా పోయేవి సరిగ్గా అవే.

పొదుగు పని చెక్కుచెదరకుండా ఉంటే ఎలా ఉంటుందో చెప్పడానికి సాక్ష్యం లేకపోలేదు. 1922 నవంబరులో బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు హోవర్డ్ కార్టర్ బృందం కనుగొన్న టూటన్‌ఖామున్ రాజు సమాధి ముందుగదిలో బంగారు సింహాసనం ఒకటి దొరికింది. దాని వీపు పలక మీద రాజు కూర్చుని ఉంటాడు, రాణి అంఖెసెనామున్ అతని ముందు నిలబడి అతనికి సుగంధ లేపనం పూస్తూ ఉంటుంది, పైన సూర్యబింబం చేతులుగా ముగిసే కిరణాలను వారిద్దరి మీదికీ చాస్తుంది. చెక్క మీద బంగారు రేకు తొడిగి చేసిన ఆ పలకలో రాజు, రాణుల ముఖాలూ చేతులూ ఎర్ర గాజు, తలకట్టు మెరిసే నీలి ఫయాన్స్, దుస్తులు వెండి, హారాలూ కిరీటాలూ రంగుగాజు, ఫయాన్స్, ఎర్రని కార్నీలియన్ రాయి. ఒక్క మనిషి ఆకృతి కోసం ఇన్ని పదార్థాలు కలిశాయి. అందులో ఏ ఒక్క ముక్కలోనూ రాజు లేడు. అన్నీ కూర్చిన తరువాతే రాజు వచ్చాడు.

ఇదే సింహాసనం దొంగల పాలబడి ఉంటే ఏమై ఉండేదో ఊహించడం కష్టం కాదు. బంగారు రేకును ఊడదీసి కరిగించేవారు. వెండీ ఆ దారినే పోయేది. చెక్కను చెదలు తినేవి, లేదా అది పొయ్యిలోకి వెళ్ళేది. కరిగించడానికి పనికిరాని, కుళ్ళని, చెదలు ముట్టని ఫయాన్స్ ముక్కలు మాత్రం మట్టిలో మిగిలేవి. మూడు వేల సంవత్సరాల తరువాత ఆ తలకట్టు ఒక్కటీ ఏదో నగరంలో అద్దాల పెట్టెలోకి చేరి, రాచ ఆకృతికి చెందిన పొదుగు ముక్క అన్న చీటీని సంపాదించుకునేది. మనకు ఇన్ని నీలి ముక్కలు మిగలడానికి కారణం ఈజిప్టువారు అన్నిటికన్నా నీలాన్నే ఎక్కువ వాడారని కాదు, దోచుకున్నవారికి అది అక్కర లేకపోవడం. ప్రదర్శనశాల చూపే ప్రాచీన ఈజిప్టు చాలావరకు దొంగలు వదిలిపెట్టిన ఈజిప్టు. ఆ సంగతి చెప్పకుండా ఒక నీలి పలకను నల్లగుడ్డ మీద నిలబెట్టడం అర్ధసత్యం చెప్పడమే.

ఇక పదార్థం సంగతి. ఫయాన్స్ మట్టిపాత్రల జాతికి చెందినది కాదు. అందులో బంకమట్టి ఉండదు. పలుగురాయి పొడి లేదా ఇసుక తొంభై శాతానికి పైగా, కొద్దిగా సున్నం, నాట్రాన్ అనే సహజ లవణం నుంచి గానీ మొక్కల బూడిద నుంచి గానీ తీసిన ఖారం, రంగు కోసం రాగి ఖనిజం. నీళ్ళు చేర్చి పిసికితే వచ్చే ముద్ద వింతగా ప్రవర్తిస్తుంది. కదపకపోతే బిగుసుకుని ఉంటుంది, ఒత్తితే ఉన్నట్టుండి జారిపోతుంది, సాగదీస్తే పగుళ్ళు ఇస్తుంది. కుమ్మరి సారె మీద దానితో పని చేయడం చాలా కష్టం. అందుకే పనివారు కాల్చిన మట్టితో తెరిచిన అచ్చులు చేసుకుని, ముద్దను వాటిలో వేళ్ళతో ఒత్తి నింపేవారు. అచ్చులోకి దిగిన వైపు రాజు ముఖం అవుతుంది. పైకి ఉండిపోయిన వైపు, పనివాడి బొటనవేలు తగిలిన వైపు, పలక వెనుక భాగం అవుతుంది.

మెరుపు వచ్చే విధానం మరీ ఆశ్చర్యకరమైనది. చాలా సందర్భాల్లో పైపూత వేయవలసిన పనే లేదు. ముద్ద ఆరుతున్నప్పుడు అందులో కరిగిన ఖారాలు నీటితో పాటు పైకి వచ్చి, నీరు ఆవిరైన చోట తెల్లని పొరగా నిలుస్తాయి. వానాకాలం వెళ్ళాక మన ఇళ్ళలో పాత గోడల మీద ఉప్పు పొంగినట్టే ఇదీ జరుగుతుంది. ఆ పొరతో ఉన్న వస్తువును 800 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే ఖారం, పలుగుపొడి, రాగి కలిసి కరిగి గాజుగా మారతాయి. అంటే ఆ నీలం పైన అద్దినది కాదు, వస్తువు లోపలి నుంచి పుట్టినది. దీనితో పాటు మరో రెండు పద్ధతులు ఉండేవి. వస్తువును మెరుగుపొడిలో పూర్తిగా పాతిపెట్టి కాల్చడం ఒకటి, మెరుగును ద్రవంగా కలిపి పూయడం లేదా అందులో ముంచడం ఇంకొకటి.

ఈ మూడింటిలో ఏ పద్ధతితో చేశారో చెప్పేది వెనుక వైపే. ఆరబెట్టినప్పుడు పలక ఏ వైపు నేలకు ఆని ఉందో ఆ వైపు గాలి తగలదు, నీరు ఆవిరి కాదు, ఖారం పైకి రాదు, కాల్చిన తరువాత ఆ వైపు గరుకుగా, మెరుపు లేకుండా మిగులుతుంది. పొడిలో పాతినదైతే మెరుపు అన్ని వైపులా ఇంచుమించు సమంగా ఉంటుంది. పూసినదైతే అంచుల దగ్గర కారిన చారలు ఉండవచ్చు. అంచులు లోపలికి వాలుగా చెక్కి ఉంటే, గుంటలో బిగుతుగా కూర్చోవడానికి అలా చేశారని తెలుస్తుంది. వెనుక సున్నపు గచ్చు అంటుకుని ఉంటే, లేదా జిగురు మరకలు ఉంటే, దాన్ని దేనిలో ఎలా నిలబెట్టారో ఊహించే వీలు కలుగుతుంది. ముఖం మనకు రాజధర్మపు ఒరవడిని చూపుతుంది. వెనుక వైపు ఒక రోజు ఒక పనిశాలలో ఒక మనిషి చేసిన పనిని చూపుతుంది. రెండోది మొదటిదానికన్నా తక్కువ విలువైనదని నేను అనుకోను. నిజం చెప్పాలంటే నాకు ఆ మనిషి మీదే ఎక్కువ ఆసక్తి.

నీలం ఒక్కటే అతని చేతిలోని రంగు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మాంగనీసుతో ఊదా, నలుపు; ఇనుముతో ఎరుపు; సీసం, ఆంటిమొనీ కలిపి పసుపు; పశ్చిమ ఎడారిలోని ఖర్గా, దఖ్లా ఒయాసిస్సుల దగ్గర దొరికే పటిక ఖనిజాల్లోని కోబాల్టుతో ముదురు నీలం. నూతన రాజ్యకాలం (సుమారు క్రీ.పూ. 16–11 శతాబ్దాలు) నాటికి ఒకే పలకలో ఇన్ని రంగులు కలపడం వారికి తెలుసు. ఒక రంగు ముద్దలో గుంటలు తీసి మరో రంగు ముద్దను అందులో నింపి, అన్నీ ఒకే మంటలో, ఒకదానిలోకి ఒకటి పారకుండా, ఆరేటప్పుడు ఒకదాన్నొకటి పగలగొట్టకుండా కాల్చడం ఎంత నైపుణ్యమో, కొలిమి దగ్గర పని చేసినవారెవరైనా చెప్పగలరు.

ఇంత పనితనం గురించి రాసేటప్పుడు కూడా చాలా పుస్తకాలు ఫయాన్స్‌ను ఫిరోజా రాయికీ, లాపిస్ లాజులి అనే ముదురు నీలి రాయికీ చవక ప్రత్యామ్నాయం అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. ఈ మాటతో నాకు పూర్తిగా విభేదం ఉంది. సామాన్యుల మెడల్లో ఫయాన్స్ పూసలూ తాయెత్తులూ ఉండేవన్నది నిజమే, ఆ మేరకు అది అందుబాటులో ఉన్న పదార్థమే. అయితే క్రీ.పూ. 27వ శతాబ్దంలో సక్కారాలో మెట్ల పిరమిడ్ కట్టించిన జోసర్ రాజు దాదాపు 30 మీటర్ల లోతున ఉన్న తన భూగర్భ గదుల గోడలను ఫయాన్స్ పలకలతోనే పరిపించాడు. వాటి సంఖ్య 36,000 దాకా ఉంటుందని అంచనా. ముందు భాగం కొంచెం ఉబ్బెత్తుగా, వెనుక భాగంలో ఒక చిన్న బొడిపె, దానికి తాడు దూర్చడానికి ఒక బెజ్జం. సున్నపురాతి గోడలో వరుసలుగా బిగించిన ఆ పలకలు రెల్లు చాపలను తలపిస్తాయి. ఆ నీలి గదుల నడుమ, సున్నపురాతి మీద చెక్కిన రాజు తన ఏలుబడి పండుగలో చేసే పరుగు పరుగెత్తుతూ ఉంటాడు. ఒక పర్వతాన్నే రాతితో కట్టించగలిగిన రాజుకు ఖర్చుకు వెరవవలసిన అవసరం ఏముంది? పైగా అంత లోతున, చీకటిలో, మూసివేసిన గదిలో ఆ మెరుపును చూసేవారే లేరు. ఉన్నవాడు చనిపోయిన రాజు ఒక్కడే. అలాంటి చోట చవక సరుకు వాడి ఎవరి కళ్ళు కప్పాలి?

సహజమైన ఫిరోజా రాయి అంత నమ్మదగినది కూడా కాదు. సినాయి కొండల్లోని సెరాబిత్ ఎల్ ఖాదిమ్ గనులకు మూడవ అమెనెంహత్ రాజు ఏలుబడి 6వ సంవత్సరంలో బృందాన్ని నడిపించిన హోర్‌ఊర్రే అనే అధికారి అక్కడ ఒక శాసనం వేయించాడు. తాను తగని కాలంలో వచ్చానని, ఎండాకాలంలో ఆ రాయికి రంగు సరిగా ఉండదని అందరూ అన్నారని, అయినా హాథోర్ దేవత దయవల్ల మంచి రాయి సంపాదించానని అందులో చెప్పుకున్నాడు. రంగు కోసం అంత ఆరాటపడిన జాతి, ఆ రంగును పలుగుపొడి నుంచి తన చేతులతో పుట్టించగలిగినప్పుడు, దాన్ని నకలుగా చూసిందనుకోవడానికి నాకు ఆధారం కనిపించదు. అరుదైనదే విలువైనదనే మన లెక్కను వారి మీద రుద్దుతున్నామేమోనని నా అనుమానం.

పొదగడం అనే పద్ధతి వెనుక ఉన్న కోరిక కూడా అంతే పాతది. నాలుగవ రాజవంశపు తొలి రోజుల్లో, మైదుమ్‌లోని నెఫర్‌మాత్, అతని భార్య అతెత్‌ల సమాధిలో శిల్పులు బొమ్మలను సున్నపురాతిలో లోతుగా తొలిచి, ఆ గుంటల్లో రంగు ముద్దలు నింపారు. తన బొమ్మలను చెరిపివేయడానికి వీలులేని రీతిలో చేయించానని నెఫర్‌మాత్ అక్కడే రాయించుకున్నాడు. ఆ ముద్దలు ఎండి, పగిలి, రాలిపోయాయి. ఆ పద్ధతిని తరువాతివారు దాదాపు వదిలేశారు. అయితే చెరిగిపోని రంగు కావాలన్న ఆశ పోలేదు. కాల్చిన ఫయాన్స్ ఆ ఆశను తీర్చింది. రంగు పూసిన గోడ వెలిసిపోతుంది, పొదిగిన నీలం వెలవదు. కానీ దానికి వేరే బలహీనత ఉంది. పూసిన రంగును గోడ నుంచి విడదీయలేరు, పొదిగిన ముక్కను గోటితో పెకలించవచ్చు. శాశ్వతత్వం కోసం ఎంచుకున్న పద్ధతే ఆ దృశ్యాలు ముక్కలుగా ప్రపంచమంతటా చెదిరిపోవడానికి అనువైన పద్ధతి అయింది.

ఆ చెదరడం ఎలా జరిగిందో రామెసెస్ వంశపు అంతఃపురాల చరిత్ర చెబుతుంది. గుళ్ళను రాతితో కట్టేవారు, రాజభవనాలను పచ్చి ఇటుకతో కట్టేవారు. పాతబడి కూలిన పచ్చి ఇటుక పొలాలకు మంచి ఎరువు. దాన్ని సెబఖ్ అంటారు. 19వ శతాబ్దంలో ఈజిప్టు రైతులు పాత దిబ్బలను ఎరువు కోసం బళ్ళకొద్దీ తవ్వి తీసుకుపోయారు. ఆ తవ్వకాల్లో ఇటుక పొలానికి వెళ్ళింది, పలకలు వ్యాపారుల దగ్గరికి వెళ్ళాయి. కైరోకు ఉత్తరాన ఉన్న టెల్ ఎల్ యహుదియాలో మూడవ రామెసెస్ భవనపు పలకలు 1870 ప్రాంతంలో బయటపడి, సరైన నమోదు జరగకముందే చాలావరకు చెల్లాచెదురయ్యాయి. లక్సర్ పడమటి ఒడ్డున, మెదీనెత్ హాబూలో అదే రాజు కట్టించిన గుడికి ఆనుకుని ఉన్న భవనం నుంచి వచ్చిన బందీల పలకలు ఇప్పుడు కైరోలోనూ బోస్టన్‌లోనూ ఉన్నాయి. నూబియన్లు, లిబియన్లు, సిరియన్లు, హిట్టైట్లు, సముద్రం మీదుగా వచ్చిన జాతులవారు, ఒక్కొక్కరు పాతిక సెంటీమీటర్ల ఎత్తున, చేతులు కట్టివేయబడి, తమ తమ దేశపు దుస్తుల అంచుల మీది అల్లికతో సహా నిలబడి ఉంటారు.

ఆ బందీలను ఒక్కొక్కరిగా చూస్తే అద్భుతమైన జాతుల చిత్రాలుగా కనిపిస్తారు. వారిని అలా చూడడానికి చేయలేదు. నైలు నది డెల్టాలోని ఖంతీర్‌లో మొదటి సేతీ, రెండవ రామెసెస్‌ల భవనంలో సింహాసన వేదికకు అమర్చిన పలకలు దొరికాయి. అక్కడ మెట్ల మీదా పక్కలా బంధించిన శత్రువులు, మెట్ల పక్కన బందీ తలను నోట కరిచిన సింహాల బొమ్మలు ఉంటాయి. రాజు తన ఆసనం ఎక్కిన ప్రతిసారీ వారి మీద అడుగు వేస్తూ ఎక్కేవాడు. 1928లో అక్కడ తవ్వకాలు జరిపిన ఈజిప్టు పురావస్తు శాస్త్రజ్ఞుడు మహమూద్ హంజా ఆ చోటునే రామెసెస్ రాజధాని పిరామెసెస్‌గా గుర్తించాడు, ఫయాన్స్ పనిశాలకు చెందిన అచ్చులను కూడా పెద్ద సంఖ్యలో వెలికితీశాడు. ఈ వేదికలో రాజు బొమ్మ అవసరమే లేదు. రాజు స్వయంగా వచ్చి కూర్చుంటాడు. పలకల అమరిక తెలిసిన చోట ఇంత అర్థం పలుకుతుంది. అదే బందీని అద్దాల పెట్టెలో కంటి ఎత్తున నిలబెడితే, ఎవరి కాలి కింద ఉండడానికి అతన్ని చేశారో ఆ కాలు మాయమవుతుంది, దానితో ఆ వస్తువులోని క్రూరత్వమూ మాయమవుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

నీలి రాజు దగ్గరికి మళ్ళీ వద్దాం. అతన్ని చూసి అడగవలసిన మొదటి ప్రశ్న, అతను ఏ రాజు అన్నది కాదు. అతను ఎటు తిరిగి ఉన్నాడు, చేతులు ఏం చేస్తున్నాయి అన్నది. ఈజిప్టు దృశ్యాల్లో రాజు ఊరికే నిలబడడం అరుదు. ద్రాక్షసారాయి కలశాలు పట్టుకుంటాడు, ధూపం వేస్తాడు, సత్యానికీ సమతకూ దేవత అయిన మాత్ చిన్న బొమ్మను అరచేతిలో పెట్టి అందిస్తాడు. అందుకునేవారు ఎదురుగా ఉండాలి. కనుక కుడివైపు తిరిగిన రాజు పలక దొరికితే, దాని కుడిపక్కన ఎడమవైపు తిరిగిన దేవుడి పలక ఒకటి ఉండి ఉంటుందని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. ఇలాంటి పలకలు పొదిగే మందసపు (దేవుడి విగ్రహాన్ని ఉంచే చెక్క పెట్టె) తలుపులకు రెండు రెక్కలు ఉంటాయి కాబట్టి అదే రాజు ఎదురు దిక్కున మరోసారి ఉండడానికీ అవకాశం ఎక్కువే. ఒక్క పలక మనకు కనీసం మరో ఆకృతిని, ఒక చర్యను, ఒక అమరికను సూచిస్తుంది. ఇదంతా చీటీలో రెండు వాక్యాలలో చెప్పవచ్చు.

ముఖం మాత్రం మనం ఆశించినంత చెప్పదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో 30వ రాజవంశపు నెక్తనెబోల నాటి రాజముఖం, ఆ తరువాత మాసిడోనియా నుంచి వచ్చిన టాలమీల నాటి రాజముఖం ఒకే శిల్పసంప్రదాయంలోవి. గుండ్రని బుగ్గలు, పెదవుల కొసల్లో చిన్న నవ్వు, మెత్తని గడ్డం. శాసనం లేని పలకను ఏ రాజుదో తేల్చడానికి పండితులు శైలిని బట్టి చేసే ప్రయత్నం చాలాసార్లు ఒక శతాబ్దం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అందులో పండితుల లోపం లేదు. గుడి గోడ మీద నైవేద్యం పెట్టే రాజు ఒక వ్యక్తి కాదు, ఒక పదవి. ఈజిప్టులో అడుగుపెట్టి అట్టే కాలం ఉండని రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కూడా దెందూర్ గుడి గోడల మీద ఫారో కిరీటంతో, ఫారో గోచీతో దేవుళ్ళకు అర్పణలు చేస్తూ కనిపిస్తాడు. టాలమీల చివరి కాలపు గుళ్ళలో రాజు పేరు రాయవలసిన చట్రాలను ఖాళీగా వదిలేసిన చోట్లు కూడా ఉన్నాయి. పేరు లేకపోయినా పూజ సాగింది. పేరు కోసం తహతహలాడేది మనమే.

అదే కాలపు పొదుగు పని తన చోటులో నిలిచి ఉన్నప్పుడు ఎంత స్పష్టంగా మాట్లాడుతుందో తెలియాలంటే ట్యూరిన్‌లోని ఒక శవపేటిక మూతను చూడాలి. మధ్య ఈజిప్టులో హెర్మోపొలిస్ నగరపు శ్మశానమైన తూనా ఎల్ గెబెల్‌లో సమాధి చేసిన జెద్‌థోత్‌ఎఫ్‌అంఖ్ అనే పూజారిది అది. థోత్ దేవుడి ప్రధాన పూజారి పెతోసిరిస్‌కు ఇతను అన్న. నల్లని చెక్క మీద నిలువు వరుసలుగా చిత్రలిపి అక్షరాలు, ఒక్కొక్కటీ రంగురంగుల గాజు ముక్కలతో పొదిగినవి. పక్షి రెక్కలోని ఈకల రంగులు కూడా వేరుగా కనిపిస్తాయి. ఒక్క అక్షరాన్ని ఊడదీసి అమ్మి ఉంటే అది అందమైన పక్షి బొమ్మ అయ్యేది. చెక్కలో నిలిచి ఉంది కాబట్టి అది ఇంకా ప్రార్థనలో భాగంగా ఉంది.

నా వాదనకు ప్రదర్శనశాలల వారు చెప్పగల జవాబు నాకు తెలుసు, అది తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. చాలా పలకలు ఎక్కడ దొరికాయో ఎవరికీ తెలియదు, తెలియని మందసాన్ని గీసి చూపితే కల్పన చేసినట్టవుతుంది, ముఖంలోని అందమైనా నిజాయతీగా చూపనివ్వండి అని వారు అనవచ్చు. మొదటి రెండు మాటలూ నిజమే. కానీ తెలియని మందసాన్ని గీయమని నేను అడగడం లేదు. తెలిసినది పలకలోనే ఉంది, దాన్ని దాచవద్దని అడుగుతున్నాను. ఎక్కడ దొరికిందో తెలియదన్న విషయం కూడా ఒక సమాచారమే, దాన్ని మౌనంతో కప్పకుండా అక్షరాలలో పెట్టవచ్చు. అందాన్ని మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో ఇంగ్లండులోని బోల్టన్ పట్టణ ప్రదర్శనశాల అనుభవం చూపింది. 2003లో ఆ సంస్థ ఫారో అఖెనాతెన్ కుమార్తెదని నమ్మిన ఒక అలబాస్టర్ రాతి విగ్రహాన్ని దాదాపు 4,40,000 పౌండ్లకు కొన్నది. 1892 నాటి ఒక నిజమైన వేలం జాబితాలోని అస్పష్టమైన వాక్యాన్ని చూపి అమ్మకందారులు దానికి పుట్టుక కల్పించారు. అది అప్పటికి కొన్నేళ్ళ కిందట ఇంగ్లండులోనే తయారైన నకిలీ అని తరువాత తేలింది. మట్టిలో దొరికిన చోటు తెలియని వస్తువు విషయంలో కంటికి కనిపించే శైలి ఎంత బలహీనమైన హామీయో దీన్ని బట్టి తెలుస్తుంది.

దొరికిన చోటు ఎలా తెలియకుండా పోయిందో చెప్పడానికి కార్నార్వన్ ప్రభువు ఉదంతం కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. టూటన్‌ఖామున్ సమాధి తవ్వకానికి డబ్బు పెట్టినది ఆయనే. ఆ సమాధిలో ప్రతి వస్తువుకూ కార్టర్ ఒక సంఖ్య వేశాడు, హ్యారీ బర్టన్ ఛాయాచిత్రాలు తీశాడు, విడివిడిగా చీటీలు రాశారు. బంగారు సింహాసనం సంఖ్య 91. ఆ చీటీలు ఈనాటికీ ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఉన్నాయి. అదే కార్నార్వన్ తన సొంత సంగ్రహం కోసం కైరో వ్యాపారుల దగ్గర కూడా వస్తువులు కొనేవాడు. ఆయన మరణం తరువాత 1926లో ఆ సంగ్రహం న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ ప్రదర్శనశాలకు చేరింది. అందులో ఫయాన్స్ పొదుగు పలకలూ ఉన్నాయి. ఒకే మనిషి, ఒకే కాలం, ఒకే దేశం. ఒకవైపు ప్రతి పూస ఎక్కడ పడి ఉందో తెలుసు, మరోవైపు కొన్నవారి పేరుతోనే చరిత్ర మొదలవుతుంది.

ఇదంతా చట్టవిరుద్ధంగా జరిగిందని అనడం లేదు. పురావస్తువుల ఎగుమతిని అదుపు చేస్తూ ఈజిప్టులో తొలి ఫర్మానా 1835లోనే వచ్చింది. కానీ వ్యాపారాన్నీ ఎగుమతినీ పూర్తిగా నిషేధించిన 117వ నంబరు చట్టం 1983 దాకా రాలేదు. ఆ మధ్య కాలమంతా అనుమతితో కొనవచ్చు, తీసుకువెళ్ళవచ్చు. కైరో ప్రదర్శనశాలలోనే ఒక అమ్మకపు గది ఉండేది. ఆ వ్యాపారపు దారి మన ఊరికి కూడా వచ్చింది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ ప్రదర్శనశాలలోని మమ్మీని 1920 ప్రాంతంలో ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చారు. నిజాం దాన్ని 1930లో ప్రదర్శనశాలకు ఇచ్చారు. చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి వెళ్ళి ఆ మమ్మీని చూడని హైదరాబాదీలు తక్కువ. కొన్నవారు, ఇచ్చినవారు, ధర మనకు కంఠతా వచ్చు. కొనడానికి ముందున్న కథ అడగాలని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. వస్తువు పుట్టుక కొనుగోలుతో మొదలవుతుందని అనుకునే అలవాటు లండన్‌కూ న్యూయార్క్‌కూ పరిమితమైనది కాదు.

నేను కోరే మార్పులు ఖరీదైనవి కావు. పలకను గుడ్డకు అంటించినట్టు పడుకోబెట్టకుండా, రెండు వైపులా నడిచి చూసేలా నిలబెట్టవచ్చు, స్థలం లేకపోతే వెనుక ఒక అద్దం పెట్టవచ్చు. చీటీలో రాజు పేరు మీది ఊహ కన్నా ముందు, ఇది ఒక పెద్ద వస్తువులోని భాగం అన్న వాక్యం ఉండవచ్చు. వెనుక వైపు మెరుపు ఉందా, గచ్చు ఉందా, అంచు వాలుగా ఉందా అన్నది ఒక వాక్యంలో చెప్పవచ్చు. ఏ సంవత్సరంలో ఎవరి దగ్గర కొన్నారో, అంతకు ముందటి చోటు తెలుసో తెలియదో ఇంకో వాక్యంలో రాయవచ్చు. అంతర్జాలంలో పెట్టే చిత్రాల్లో వెనుక వైపుదీ ఒకటి ఉండాలి. కొన్ని సంస్థలు ఆ పని ఇప్పటికే చేస్తున్నాయి, మిగిలినవారు చేయకపోవడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు.

టెల్ ఎల్ యహుదియా పలకలతో ఈ పని మొదలుపెడితే ఫలితం త్వరగా కనిపిస్తుందని నా నమ్మకం. ఆ భవనపు గుండ్రని పూల పలకల వెనుక పనివారు గీసిన గుర్తులు ఉన్నాయి. వాటిలో కొన్ని గ్రీకు అక్షరాలను పోలి ఉండడంతో, మూడవ రామెసెస్ నాటి పనిలోకి అవి ఎలా వచ్చాయని 19వ శతాబ్దంలోనే తర్జనభర్జన జరిగింది. ఏ ముక్క ఏ చోట కూర్చోవాలో పనివారికి గుర్తు చేయడానికి వాటిని వేసి ఉంటే, గోడ మీది వరుసకు తాళంచెవి ఆ గీతల్లోనే ఉంది. ఆ పలకలు ఇప్పుడు కైరోలో కొన్ని, లండన్‌లో కొన్ని, పారిస్‌లో కొన్ని, బ్రూక్లిన్‌లో కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ ఎక్కడికీ తరలించనక్కర లేదు. ప్రతి సంస్థా తన పలకలను ఒకసారి బోర్లించి, గీత కనిపించేలా పక్క వెలుగులో చిత్రం తీసి, అందరికీ తెరిచి ఉన్న ఒకే చోట పెడితే చాలు. ఆ గోడను ముక్క పక్కన ముక్కగా పేర్చి చూసే పని అప్పుడు కైరో విద్యార్థి కూడా చేయవచ్చు, హైదరాబాదు విద్యార్థి కూడా చేయవచ్చు.